బొక్కెనలో ఇద్దరికే చోటు

మా ఇంట్లో టీవీకి ఎదురుగా ఉన్న సోఫాలో రెండు గుంటలున్నాయి. ఎడమవైపుది నాది, కుడివైపుది మా తమ్ముడిది. ఆదివారం భోజనాలయ్యాక కర్టెన్లు మూసేసి, చెరో గుంటలో కూలబడి, పొద్దుగూకేదాకా వీడియో గేములు ఆడటం మాకు చిన్నప్పటినుంచీ అలవాటు. చదువులైపోయాయి, ఉద్యోగాలొచ్చాయి, ఆ అలవాటు మాత్రం పోలేదు. వారమంతా నేను కళ్ళజోళ్ళ షాపులో జనం ముక్కుల మీద ఫ్రేములు సరిచేస్తూ ఉంటాను. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. గుమ్మం తగలకుండా తల వంచుకుని లోపలికి వచ్చేంత పొడుగు. అయినా ఇంట్లో వాడు బుడ్డోడే.

ఒకళ్ళనొకళ్ళు ఓడించుకునే ఆటలు మేం ఆడం. చిన్నప్పుడు ఆడాం. ఓడిపోతే నేను మూతి ముడుచుకుని మాటలు మానేసేదాన్ని, గెలిస్తే ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. రెండింటికీ అమ్మే బలి. ఇద్దరూ ఒకే పక్షాన ఉండే ఆటలు దొరికాక అలకలు పోయాయి. అరుపులు మాత్రం రెట్టింపయ్యాయి.

"నా వైపు వెలుగు చూపించవే, గుడ్డి అక్కా!"

"ముందు తాడు వెయ్యరా మొద్దూ!"

"వేశాను కదే, అది నీ మొహం మీదే వేలాడుతోంది!"

షాపులో నాతో పనిచేసే అమ్మాయి ఒకసారి అడిగింది, ఇద్దరు కూర్చుని ఒకే ఆట ఆడటంలో అంత మజా ఏముంటుందని. గెలవడం అనుకుంటారు చాలామంది. నాకైతే కాదు. ఒక్కదాన్నే ఆడుతూ పడిపోతే అక్కడితో కథ ముగిసింది. పక్కన ఇంకొకరుంటే పడ్డా బెంగ ఉండదు, తిట్టుకుంటూ అయినా వస్తారు. ముందు వెళ్ళినవాడు తలుపు దగ్గర ఆగి, వచ్చావా లేదా అని వెనక్కి తిరుగుతాడు చూడండి, నాకు ఆ ఒక్క క్షణం చాలు. అలా ఏళ్ళ తరబడి ఆడితే ఎదుటిమనిషి నడకా, తొందరా, భయం అన్నీ వేళ్ళకే తెలిసిపోతాయి. తెరమీద బొమ్మని చూసి, దాన్ని ఆడిస్తున్నది మా బుడ్డోడో కాదో నేను చెప్పగలను. వాడైతే తలుపు దాటేముందు రెండుసార్లు గెంతి, నావైపు తిరిగి నిలబడతాడు.

అమ్మకి ఈ గోల పట్టదు. ఒకే ఒక్కసారి బలవంతంగా కూర్చోబెట్టాం. కంట్రోలర్‌ని వేడి గిన్నెలా రెండు చేతుల్తో పట్టుకుని, బొటనవేలితో ముందుకి నొక్కి, ఇక వేలు తియ్యలేదు. ఆవిడ బొమ్మ నేరుగా పోయి గోడని గుద్దుకుంది. గుద్దుకుని అక్కడే నడుస్తోంది. ముక్కు గోడకి ఆనించి నడుస్తూనే ఉంది.

"దారి ఏదే? ఎటు పోవాలే?" అని అమ్మ.

"వేలు తియ్యమ్మా!" అని మేం.

తియ్యదు. మాకు నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. "నాకొద్దు మీ బొమ్మలాట," అని లేచిపోయింది. మళ్ళీ ముట్టుకోలేదు. ఆవిడ పని వేరే. మేం పనికి బయల్దేరితే గుమ్మంలో నిలబడి, వీధి మలుపు తిరిగేదాకా చూసి గానీ తలుపు వెయ్యదు.

ఆ మధ్య మేం ఆడుతున్న ఆటలో ఇద్దరు బుల్లి మనుషులుంటారు. ఒక పాడుబడ్డ గనిలోకి దిగాలి. ఒకరి దగ్గర దీపం, ఒకరి దగ్గర తాడు. దీపం లేకపోతే తాడువాడికి దారి కనపడదు, తాడు లేకపోతే దీపంవాడు గుంట దాటలేడు. దీపం నాది. తాడు వాడిది. వాడి బొమ్మకి పసుపు టోపీ.

ఎవరైనా పడిపోతే రెండోవాళ్ళు పక్కన నిలబడి ఒక బటన్ నొక్కి పట్టుకోవాలి. పడినవాడి చుట్టూ తెల్లటి గీత ఒకటి మెల్లగా తిరిగి వలయంలా కలుసుకుంటుంది. కలిశాక లేస్తాడు. అందాకా వేలు తియ్యకూడదు. పడినవాడికి చేతనయ్యేది ఒక్కటే, అరచేత్తో నేలని కొట్టి పిలవడం. మా వాడు దాన్నీ తిన్నగా కొట్టడు. టక్ టక్... కాస్త ఆగి... టక్. చిన్నప్పుడు మా గదుల మధ్య గోడ మీద కొట్టి పిలిచేవాడే, అదే దరువు.

పడినవాణ్ణి వదిలేసి ముందుకి పోకూడదు. మా ఇద్దరి మధ్యా ఉన్న ఒకే ఒక్క నియమం అది.

ఆ ఆదివారం ఆట మధ్యలో వాడి ఫోను మోగింది. ఏదో భవనంలో లిఫ్టు నిలిచిపోయిందట. సరిగ్గా అప్పుడే పసుపు టోపీ కాలుజారి, గనిలో అన్నిటికన్నా లోతైన గుంటలో పడింది. నేను పైన అంచున ఉన్నాను.

"ఆగరా, దిగి లేపుతాను."

"టైం లేదే. ఆట ఆపెయ్. వచ్చాక లేపుదువుగాని." చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి వేలు చూపించాడు. "నన్నొదిలేసి ముందుకి పోయావో, చూడు మరి!"

"పోనులేరా మొద్దూ. నువ్వు రా ముందు."

ఆట అక్కడే భద్రపరిచి టీవీ కట్టేశాను.

సాయంత్రం కబురొచ్చింది. లిఫ్టు గొయ్యిలో పడ్డాడు. ఎవరూ చూడలేదు. కిందనుంచి ఏదో చప్పుడు వస్తోందని వాచ్‌మన్ టార్చి వేసి చూస్తే వాడు. అంబులెన్సులో కాసేపు గుండె ఆగిపోయిందట, మళ్ళీ కొట్టుకుందట. పోయాడనుకున్నవాడు తిరిగొచ్చాడన్నారు డాక్టర్లు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కొన్ని వారాలకి ఇంటికొచ్చాడు. వచ్చినవాడు నెమ్మదస్తుడు. చెప్పులు గుమ్మం దగ్గర ఒకదాని పక్కన ఒకటి సర్ది పెడుతున్నాడు. మా బుడ్డోడి చెప్పులు జన్మలో ఒకదాన్నొకటి చూసుకున్నది లేదు. పిలిస్తే పలుకుతున్నాడు, పెట్టింది తింటున్నాడు, వెటకారం లేదు. నేను వెనకే వస్తున్నా తలుపు నా మొహం మీదే వేసేస్తున్నాడు. సోఫాలో తన గుంటలో కాకుండా మధ్యలో, నిటారుగా కూర్చుంటున్నాడు. ఎంత స్నానం చేసినా వాడి దగ్గర తడి సిమెంటూ గ్రీజూ కలిసిన వాసన. అమ్మ వాడి దుప్పట్లు రోజూ ఉతుకుతోంది. ఎందుకమ్మా రోజూ అంటే, మరకలంటుంది. ఏ మరకలూ ఉండవు.

దెబ్బ తగిలినవాడు కదా, మెల్లగా మామూలవుతాడులే అనుకున్నాను. వాడి పనిముట్ల సంచీ ఆ భవనంలోనే ఉండిపోతే తేవడానికి వెళ్ళాను. వాచ్‌మన్ సంచీ చేతికిచ్చి, ఏదో నసుగుతూ నిలబడ్డాడు.

"మీ తమ్ముడు బాగున్నాడా అమ్మా?"

"బాగానే ఉన్నాడు. మీ పుణ్యమే. మీరు ఆ చప్పుడు వినకపోతే..."

"అదేనమ్మా." గొంతు తగ్గించాడు. "టక్ టక్ అని, ఆగి, మళ్ళీ టక్ అని. మనిషిని పైకి తీశాక ఆగిపోవాలి కదా. అంబులెన్సు వెళ్ళిపోయాక కూడా వినిపించింది. దిగి చూశాం. ఎవరూ లేరు."

నేను సంచీని ఇంకో చేతికి మార్చుకున్నాను.

"చాలా రోజులు వినపడిందమ్మా. మీవాడు ఇంటికెళ్ళాడన్నారే, ఆ రోజునుంచి ఆగిపోయింది."

దారి పొడుగునా ఆ సంచీ నా చేతిని కిందికి లాగుతూనే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం వాన. మధ్యాహ్నమే దీపాలు వేసుకోవాల్సినంత ముసురు. కర్టెన్లు మూశాను. వాడు సోఫా మధ్యలో కూర్చుని, కట్టేసి ఉన్న టీవీని చూస్తున్నాడు.

"ఆడదాం రా," అన్నాను.

"వద్దు."

"వేళ్ళకి వ్యాయామం కావాలన్నారు కదరా డాక్టరు."

వంటింట్లోంచి అమ్మ కత్తిపీట చప్పుడు ఆగింది. వాడు అటు ఒకసారి చూసి, చెయ్యి చాపి కంట్రోలర్ తీసుకున్నాడు. వేళ్ళు తగిలాయి. చల్లగా ఉన్నాయి.

ఆట తెరుచుకుంది. మేం ఆపిన చోటే. వాడు పసుపు టోపీని ఎంచుకోలేదు. కొత్త ఆటగాడు అని నొక్కాడు. నా దీపం పక్కన ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న బొమ్మ ఒకటి పుట్టుకొచ్చింది.

"అదేంట్రా? నీ పసుపు టోపీ కింద గుంటలో పడుంది కదా. లేపుతానన్నానుగా."

"దాన్ని వదిలెయ్ అక్కా."

ఆడటం మొదలుపెట్టాం. నేను చెప్పకముందే తాడు పడుతోంది, ఎక్కడ పడాలో అక్కడే. ఒక్క తప్పు లేదు. నా దీపం కోసం ఆగడం లేదు. చీకట్లోనే నడుస్తున్నాడు. అంత చీకట్లో దారి ఎలా కనపడుతోందో నాకర్థం కాలేదు. తలుపు దగ్గరికి వచ్చాం. గెంతలేదు. తిరిగి చూడలేదు. తోసుకుని వెళ్ళిపోయాడు.

ఎన్నడూ దాటలేని చోట్లు దాటేస్తున్నాం, నాకు మాత్రం ఏడుపొస్తోంది. అరవడానికి ఏమీ లేదు. తిట్టడానికి ఎవరూ లేరు. నా పక్కన కూర్చున్నది మా తమ్ముడు కాదు. మరి మా వాడెక్కడ?

టక్ టక్...

నా వేలు ఆగిపోయింది.

...టక్.

టీవీలోంచే. చాలా లోతునుంచి. పక్కకి చూశాను. వాడి రెండు బొటనవేళ్ళూ కదలడం లేదు. పసుపు టోపీని ఆడించే కంట్రోలర్ అంటూ ఏదీ లేదు.

టక్ టక్... టక్.

నేను వెనక్కి తిరిగాను. దీపం పట్టుకుని, వాడు వేసి వదిలేసిన తాళ్ళ మీదుగా వచ్చిన దారినే పరిగెత్తాను. గుంట అంచున ఒక పెద్ద బొక్కెన వేలాడుతుంటుంది, లోపల చక్రం ఉంటుంది. దిగడానికి ఒక్కరు చాలు. పైకి రావాలంటే మాత్రం ఇద్దరూ ఎక్కి, చెరోవైపు తిప్పాలి. ఇద్దరికి మించి ఎక్కనివ్వదు.

ఎక్కాను. బొక్కెన కిందికి జారింది. దీపం వెలుగులో రాతిగోడ మెల్లగా పైకి పోతోంది. ఇదివరకు ఆడినప్పుడు అది రాయే. ఆ రోజు సిమెంటు గోడలా కనిపించింది. నూనె కారిన మరకలు... ఇనప పట్టాలు... గదిలో ఆ వాసన గుప్పుమంది.

అడుగున పసుపు టోపీ బోర్లా పడి ఉంది. నా వెలుగు తగలగానే చెయ్యెత్తి నేలని కొట్టింది. టక్ టక్... టక్.

"అక్కా." పక్కనుంచి గుసగుస. "నేను ఇక్కడే ఉన్నాను కదా."

నేను బటన్ మీద వేలు పెట్టాను. అప్పుడు నా మణికట్టు మీద ఇంకో చెయ్యి పడింది. తడి చెయ్యి, వెచ్చటిది. అమ్మ. సోఫా వెనక ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలీదు.

"వద్దే." నా చెవిలో అంది. "కట్టెయ్ ఆ టీవీ."

"అమ్మా, వీడు మన..."

"నాకు తెలుసే."

నేను తల తిప్పి చూశాను. అమ్మ నన్ను చూడటం లేదు, వాణ్ణీ చూడటం లేదు.

"ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే తెలిసింది. కన్నదాన్ని, నాకు తెలీదా? నన్ను అమ్మా అంటున్నాడు. పెట్టింది తింటున్నాడు. పక్క గదిలోంచి ఊపిరి వినిపిస్తోంది. ఆ గది ఖాళీగా ఉంటే నేను బతకలేనే. ఎవరైతే ఏం... ఉండనీ."

"మరి కింద ఉన్నవాడు?"



టక్ టక్... టక్.

"నాకేం వినపడటం లేదు," అంది అమ్మ. నా మణికట్టు వదిలేసి రెండు చేతుల్తో చెవులు మూసుకుంది.

అంతే. నేను బటన్ నొక్కాను.

తెల్లటి గీత మొదలైంది. నత్తలా పాకుతోంది. పక్కన ఆ మనిషి ఊపిరి పెద్దదైంది. నేను చూడలేదు. చూస్తే వేలు వదిలేస్తానని భయం. తెరమీద పైనుంచి ఏదో దూకిన చప్పుడు. ఆకుపచ్చ టోపీ. నా వెనకే వచ్చి నిలబడింది. లేపుతున్నవాళ్ళు కదలకూడదు... వెనక్కి తిరిగి చూడకూడదు... సగం అయింది... సగం పైన...

గీత కలిసింది.

పసుపు టోపీ లేచి నిలబడింది. రెండుసార్లు గెంతింది. నావైపు తిరిగి ఆగింది.

"ఒరేయ్..." అన్నాను. ఇంక నావల్ల కాలేదు, వెక్కి వెక్కి ఏడ్చాను. వాడే. కళ్ళు మూసుకుని చెప్తాను, వాడే.

ఆకుపచ్చ టోపీ అప్పటికే పోయి బొక్కెనలో ఎక్కి నిలబడింది.

"ఎక్కు అక్కా," అంది పక్కనున్న గొంతు. "మనిద్దరం వెళ్ళిపోదాం."

బొక్కెనలో ఇక ఒక్కరికే చోటుంది. పసుపు టోపీ కదలకుండా నన్నే చూస్తోంది. దాని భుజాన తాడు వేలాడుతోంది. ఏం చెయ్యాలో తోచక, ఎన్నేళ్ళనుంచో అరుస్తున్న మాటే అరిచాను.

"తాడు వెయ్యరా మొద్దూ!"

తాడు వచ్చింది. మొదట నా మొహం మీదే పడింది. రెండోసారి ఆకుపచ్చ టోపీ నడుముకి చుట్టుకుంది. ఒక్క గుంజు. అది బొక్కెనలోంచి కిందపడింది. నేను ఒక్క ఉదుటున ఎక్కాను. పసుపు టోపీ నా పక్కకి గెంతింది. ఇద్దరం చక్రం పట్టుకున్నాం. బొక్కెన నేల వదిలింది.

నా పక్కన కూర్చున్న శరీరం ఒక్కసారిగా మెత్తబడి, సోఫాలో ఒరిగిపోయింది. చేతిలోని కంట్రోలర్ జారి నేల మీద పడింది.

"బాబూ!" అమ్మ సోఫా చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చింది. వాడి మొహం తడిమింది. తెరవైపు చూసింది. అక్కడ ఆకుపచ్చ టోపీ అడుగున ఒంటరిగా తల పైకెత్తి చూస్తోంది. "నా బిడ్డ... కింద ఉండిపోయాడే..."

"ముట్టుకోకమ్మా! అది మన..."

అప్పటికే ఆవిడ కింద కూర్చుని కంట్రోలర్ అందుకుంది. వేడి గిన్నెలా, రెండు చేతుల్తో. బొటనవేలు ముందుకి నొక్కింది.

"ఎటు పోవాలే? దారి ఏదే?" ఏడుస్తోంది. "చెప్పవే, దారి..."

మాట మధ్యలో ఆగిపోయింది.

నేను చక్రం వదల్లేదు. వదిలితే మళ్ళీ కిందికి జారిపోతాం. అంచు దగ్గరికొచ్చాం... ఇంకొంచెం... చేరాం. బొక్కెన పైన ఆగింది. దీపం వెలుగు గుంటలోంచి పూర్తిగా బయటికొచ్చేసింది.

సోఫాలో దగ్గు వినిపించింది. లోపలినుంచి పొడుచుకొచ్చిన దగ్గు. వాడు కళ్ళు తెరిచి, పాక్కుంటూ జరిగి జరిగి, తన గుంటలోకి వచ్చి కూలబడ్డాడు.

"ఎన్నాళ్ళే అక్కా..." గొంతు బొంగురుపోయింది. "కొట్టీ కొట్టీ చెయ్యి పడిపోయింది. గుడ్డి మొహమా, అంత వెలుగు పట్టుకుని తిరుగుతావు, నేను కనపడలేదా?"

వాణ్ణి కావలించుకుని ఎంతసేపు ఏడ్చానో తెలీదు. వాడి దగ్గర చెమట వాసన తప్ప ఇంకే వాసనా లేదు. అమ్మ లేచి, కంట్రోలర్‌ని బల్ల మీద అంచుకి సమంగా పెట్టి, మా ఇద్దర్నీ చూసి నవ్వింది.

"భోజనం వడ్డించనా?" అంది.

తమ్ముడు దొరికిన సంతోషంలో నేను ఇంకేమీ పట్టించుకోలేదు. అమ్మ కూడా సంతోషంగానే ఉందనుకున్నాను. కొడుకు వచ్చేశాడు కదా.

ఇప్పుడు ఇంట్లో చెప్పులన్నీ గుమ్మం దగ్గర ఒకదాని పక్కన ఒకటి ఉంటున్నాయి. బుడ్డోడు విసిరేసినవి కూడా. వంటింట్లో ఏం వండినా అడుగున గ్రీజు వాసన తగులుతోంది. ఉదయం నేను పనికి బయల్దేరి గేటు దాటకముందే వెనక తలుపు పడిపోతోంది. మొదటిరోజు నేను మలుపు దగ్గర ఆగి, అలవాటుగా చెయ్యి ఊపడానికి తిరిగాను. మూసి ఉన్న తలుపుని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

బుడ్డోడికి చెప్పాను. తెల్లబోయాడు. "నాకు తెలుసే," అన్నాడు చివరికి, గుసగుసగా. "రాత్రుళ్ళు అమ్మ గదిలో ఊపిరి వినపడుతుంది. అదే ఊపిరి నేను కిందున్నప్పుడు నా పక్కన విన్నాను." మళ్ళీ ఆ ఆట తెరవడానికి మాత్రం వాడి చేతులు రాలేదు. టీవీ వైపు చూడటం కూడా మానేశాడు. నేను బలవంతపెట్టలేదు.

నిన్న మధ్యాహ్నం వాడు పనికెళ్ళాక నేనొక్కదాన్నే కర్టెన్లు మూసి ఆ ఆట తెరిచాను. ఒకవేళ అమ్మ ఆ గుంటలో ఉంటే కొట్టి పిలుస్తుందని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. నేలని కొట్టడానికి ఏ బటన్ నొక్కాలో అమ్మకి మేమెప్పుడూ చెప్పలేదు.

నా బొమ్మని గుంట అంచున బోర్లా పడుకోబెట్టి దీపం కిందికి చాపాను. వెలుగు సన్నగా, మెల్లగా అడుక్కి చేరింది.

ఆకుపచ్చ టోపీ కనిపించింది. పడి లేదు. నిలబడే ఉంది. ముక్కు గోడకి ఆనించి నడుస్తోంది. ఒక్క అంగుళం కూడా జరగడం లేదు, అయినా నడుస్తూనే ఉంది.

"అమ్మా," అన్నాను, తెరకి దగ్గరగా జరిగి. "అమ్మా, వేలు తియ్యి..."

సోఫా మధ్యలో ఎవరో నిటారుగా కూర్చున్నట్టు కిర్రుమన్న చప్పుడు. తడి సిమెంటు వాసన. నేను వెనక్కి తిరగలేదు. బల్ల మీదనుంచి ఒక చెయ్యి, తొందర లేకుండా, రెండో కంట్రోలర్ తీసుకుంది. తెరమీద నా పక్కన నిలబడి ఉన్న పసుపు టోపీ మెల్లగా తల తిప్పి నన్ను చూసింది.

"దాన్ని వదిలెయ్ అమ్మాయ్," అంది అమ్మ గొంతు. "ఆట ముందుకి పోనీ."

కింద, ఆ బుల్లి మనిషి గోడలోకి నడుస్తూనే ఉంది.